రౌటర్ కొనే ముందు ఇల్లు చూడండి

పోయిన వేసవిలో ఒంగోలు నుంచి మా అక్క ఫోన్ చేసింది. మేడ మీద గదిలో పిల్లవాడి ఆన్‌లైన్ క్లాసు ఆగి ఆగి వస్తోందట. "ఐదు వేలైనా పర్లేదురా, మంచి రౌటర్ పేరు చెప్పు, ఇవాళే ఆర్డర్ పెట్టేస్తా" అంది. నేను పేరు చెప్పలేదు. ఇప్పుడున్న వైఫై పెట్టె ఏ గదిలో ఉంది, దేని మీద పెట్టారు, మేడ గది ఎటువైపు అని అడిగాను. పెట్టె ముందు గదిలో ఇనుప బీరువా పైన, గోడకు ఆనించి ఉంది. పిల్లవాడు చదువుకునేది వెనకవైపు మేడ గదిలో. రెంటికీ మధ్య ఒక స్లాబు, రెండు గోడలు, ఆ బీరువా. ఐదు వేల రౌటర్ తెచ్చి అదే బీరువా మీద పెట్టినా ఆ క్లాసు అలాగే ఆగుతుంది.

నెల్లూరు వేదాయపాళెంలో మా ఫ్లాటు, ఒంగోలులో అక్క వాళ్ల మేడ, అల్లూరు వైపు బాబాయి వాళ్ల ఇల్లూ రొయ్యల చెరువూ. ఈ మూడు చోట్లా వైఫై సామాను నేనే దగ్గరుండి పెట్టించాను. మూడింటికీ మూడు రకాలు కావాల్సి వచ్చాయి. ఏది ఎందుకు ఎంచుకున్నామో చెబుతాను. మీ ఇల్లు వీటిలో దేనికి దగ్గరగా ఉందో చూసుకోండి.

ముందు లోపం ఎక్కడుందో తేల్చుకోవాలి

నెట్ నెమ్మదిగా ఉందంటే లోపం రెండు చోట్లలో ఎక్కడో ఒకచోట ఉంటుంది: బయటి నుంచి వచ్చే లైనులో, లేదా ఇంట్లో పెట్టె నుంచి మీ ఫోన్ దాకా వచ్చే గాలిలో. కొత్త రౌటర్ రెండో దానికే మందు. మొదటి దానికి ఎంత ఖరీదైన రౌటర్ పెట్టినా పైసా ప్రయోజనం లేదు.

తేల్చుకోవడం తేలిక. లాప్‌టాప్ ఉంటే పెట్టె వెనకున్న లాన్ పోర్టుకు (నెట్ తీగ గుచ్చే రంధ్రానికి) వైరు పెట్టి స్పీడ్ టెస్ట్ చేయండి. లాప్‌టాప్ లేకపోతే పెట్టెకు రెండు అడుగుల దూరంలో నిలబడి ఫోన్‌లో చేయండి. సాయంత్రం ఏడు, తొమ్మిది మధ్య ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి చూడండి. పెట్టె పక్కనే ప్లాను వేగం రాకపోతే అది ఆపరేటర్ చూసుకోవాల్సిన పని. తెల్లవారుజామున బాగా వచ్చి రాత్రి పడిపోతుంటే మీ వీధిలో అందరూ ఒకే లైను మీద ఉన్నారని అర్థం. ఇళ్లకు ఫైబర్ ఇచ్చే జీపాన్ అనే పద్ధతిలో ఒక్క ఫైబర్‌లో సెకనుకు దిగే 2.5 గిగాబిట్లను, వెలుగును చీల్చే స్ప్లిట్టర్లతో 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతారు. అది మామూలుగా చాలుతుంది. పైనుంచి ఆపరేటర్ తెచ్చుకునే లైను సన్నగా ఉంటేనే ఇబ్బంది.

పెట్టె మీద ఎల్ఓఎస్ అనే ఎర్ర లైటు వెలిగితే మామూలుగా ఫైబర్ ఎక్కడో తెగిందనో, మడత పడిందనో అర్థం. లైటు వెలగకపోయినా అప్పుడప్పుడు నెట్ పోతుంటే, లైను బాగుచేసే అబ్బాయిని పవర్ మీటరు పెట్టి చూడమనండి. ఫైబర్‌లో వచ్చే వెలుగు బలం మైనస్ 20 డీబీఎం ప్రాంతంలో ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు. మైనస్ 27 దగ్గరకు పోయిందంటే ఇవాళో రేపో కట్ అవుతుంది. చాలాసార్లు తలుపు సందులో నలిగిన తీగో, మేకు చుట్టూ గట్టిగా చుట్టిన తీగో దీనికి కారణం. ఫైబర్‌ను చిన్న గిన్నె అంచు కంటే బిగువుగా వంచకూడదు.

ఆపరేటర్ ఇచ్చిన పెట్టె సరిపోతుందా?

మన జిల్లాల్లో చాలాచోట్ల నెట్ కేబుల్ ఆపరేటర్ ద్వారా వస్తుంది. ఏపీ ఫైబర్‌నెట్ అయినా, పట్టణాల్లోని లోకల్ కంపెనీలైనా, బీఎస్ఎన్ఎల్ అయినా ఫైబర్ వచ్చి చేరేది ఓఎన్‌యూ పెట్టెలోకి. మనం మోడెం అని పిలుస్తున్నది దాన్నే. ఇందులో వైఫై కూడా ఉంటుంది కాబట్టి చాలామందికి రెండో రౌటర్ అక్కర్లేదు. మా ఫ్లాటు అలాంటిదే. రెండు పడక గదులు, తొమ్మిది వందల చదరపు అడుగులు. పెట్టెను హాల్లో టీవీ వెనక నుంచి తీసి, హాలు, వంటగది కలిసే చోట గోడకు ఆరడుగుల ఎత్తులో బిగించాను. ఆపరేటర్ వాళ్ల అబ్బాయి ఫైబర్‌ను ఇంకో పదిహేను అడుగులు లోపలికి లాగి ఇచ్చాడు. రెండు గదుల్లోనూ వీడియో ఆగడం మానేసింది. దీనికోసం వేరే రౌటర్ ఏదీ కొనలేదు.

అయితే ఆ పెట్టె గురించి రెండు విషయాలు అడిగి తెలుసుకోండి. ఒకటి, అది సింగిల్ బ్యాండా, డ్యూయల్ బ్యాండా? బ్యాండ్ అంటే వైఫై ప్రసారమయ్యే రేడియో తరంగాల పట్టీ. సింగిల్ బ్యాండ్ అంటే 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే. ఈ బ్యాండ్ గోడలు దాటి దూరం పోతుంది. కానీ ఒకదాని మీద ఒకటి పడకుండా వాడుకోగల చానళ్లు ఇందులో మూడే: 1, 6, 11. అపార్ట్‌మెంట్లో ఇరవై ఇళ్లుంటే ఇరవై పెట్టెలూ ఆ మూడు చానళ్ల మీదే కొట్టుకుంటాయి. బ్లూటూత్ పరికరాలు, వంటింట్లో మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఆ బ్యాండ్‌లోనే అడ్డం పడతాయి. డ్యూయల్ బ్యాండ్ పెట్టెలో 5 గిగాహెర్ట్జ్ కూడా ఉంటుంది. అందులో చానళ్లు ఎక్కువ, వేగం ఎక్కువ, గోడ దాటే శక్తి మాత్రం తక్కువ. నెల్లూరులో మాగుంట లేఔట్, బాలాజీ నగర్ లాంటి చోట్ల, అపార్ట్‌మెంట్లు పక్కపక్కనే ఉన్న వీధుల్లో 5 గిగాహెర్ట్జ్ లేకుండా కాపురం కష్టం. పల్లెలో విడి ఇంటికి 2.4 హాయిగా సరిపోతుంది.

రెండోది లాన్ పోర్టు. చవక ఓఎన్‌యూల్లో అది సెకనుకు 100 మెగాబిట్ల పోర్టు. మీరు 200 మెగాబిట్ల ప్లాను తీసుకుని, ఆ పోర్టు నుంచి వైరు లాగి ఎంత గొప్ప రౌటర్ పెట్టినా 95 దాటదు. ప్లాను వందకు మించితే గిగాబిట్ (వెయ్యి మెగాబిట్ల) పోర్టున్న పెట్టె కావాలని ఆపరేటర్‌ను గట్టిగా అడగండి.

అసలు ఎంత వేగం కావాలో కూడా ఒకసారి లెక్క వేసుకోవాలి. ఫుల్ హెచ్‌డీ సినిమాకు 5 మెగాబిట్లు, 4కే సినిమాకు 15 ప్రాంతం, వీడియో కాల్‌కు 3 నుంచి 4. నలుగురున్న ఇంటికి 50 మెగాబిట్లు నిలకడగా వస్తే చాలు. 50 ప్లానులో తృప్తి లేదని 300 ప్లానుకు మారి, పెట్టెను మాత్రం బీరువా మీదే ఉంచిన ఇళ్లు నాకు తెలుసు. నెలనెలా ఆ డబ్బు గోడకు కట్టినట్టే.

డబ్బా మీది అంకెలు

కొట్లో రౌటర్ డబ్బాల మీద ఎన్300, ఏసీ1200, ఏఎక్స్1800, ఏఎక్స్3000 అని ఉంటాయి. ఎన్300కు ఒక్కటే బ్యాండ్. మిగతా వాటిలో ఆ అంకె రెండు బ్యాండ్ల గరిష్ఠ వేగాలను కలిపి రాసింది. ఏసీ1200 అంటే 2.4లో 300, 5లో 867. ఏఎక్స్1800 అంటే 574, 1201. మామూలు ఫోన్లు రెండు బ్యాండ్లనూ కలిపి వాడవు. నిజంగా చేతికొచ్చేది ఒక బ్యాండ్ అంకెలో సగం నుంచి మూడింట రెండు వంతులు, అదీ పెట్టె ఉన్న గదిలో.

ఎన్ అంటే వైఫై 4, ఏసీ అంటే వైఫై 5, ఏఎక్స్ అంటే వైఫై 6, బీఈ అంటే వైఫై 7. ఈ రోజు కొత్తగా కొనేవాళ్లు ఎన్300 జోలికి పోవద్దు. వంద లోపు ప్లానుకు, నాలుగైదు ఫోన్లకు గిగాబిట్ పోర్టులున్న ఏసీ1200 చాలు. ఆ "గిగాబిట్ పోర్టులున్న" అన్నది మర్చిపోవద్దు. ఏసీ1200 అని రాసి లోపల 100 మెగాబిట్ల పోర్టులు పెట్టినవీ ఉన్నాయి. టీపీ-లింక్‌లోనే చూస్తే ఆర్చర్ సీ6కు గిగాబిట్ పోర్టులు, ఆర్చర్ సీ50కి 100 మెగాబిట్ల పోర్టులు. చూడటానికి రెండూ ఒక్కలాగే ఉంటాయి. డబ్బా వెనక 10/100 అని ఉందా, 10/100/1000 అని ఉందా చదివాకే డబ్బులివ్వండి.

ఫోన్లు, టీవీ, కెమెరాలు, లాప్‌టాప్‌లు కలిపి పది దాటితే ఇంకో వెయ్యి ఎక్కువైనా ఏఎక్స్1500 గానీ ఏఎక్స్1800 గానీ తీసుకోండి. వైఫై 6 గొప్పతనం వేగంలో కంటే, ఎక్కువ పరికరాలు ఒకేసారి అడిగినప్పుడు ఎవరినీ ఎక్కువసేపు ఆపకుండా వంతులు వేయడంలో ఉంది. వైఫై 7 ఇప్పుడు మన ఇళ్లకు అవసరం లేదని నా అభిప్రాయం. దాన్ని పూర్తిగా వాడుకునే ఫోన్లు ఇంట్లో ఒకటో రెండో ఉంటాయి, ధర చూస్తే రెండు మూడింతలు.

యాంటెన్నాల లెక్క చూసి మోసపోవద్దు. రెండున్నదాని కంటే ఆరున్నది దూరం కొడుతుందని లేదు. ఎంత శక్తితో ప్రసారం చేయాలన్నదానికి ప్రభుత్వం పెట్టిన హద్దు అన్ని పెట్టెలకూ ఒక్కటే. పైగా పెట్టె అరిచినంత గట్టిగా ఫోన్ తిరిగి అరవలేదు. ఫోన్ నుంచి వెళ్లే సిగ్నల్ గోడ దగ్గరే ఆగిపోతే పెట్టె ఎంత పెద్దదైనా లాభం లేదు.

మేడ ఇంటికి మూడు దారులు

ఇప్పుడు అక్క ఇంటికి వద్దాం. మన వైపు ఎక్కువ ఇళ్లు ఇలాంటివే. తొమ్మిది అంగుళాల ఇటుక గోడలు, మీద ఇనుప చువ్వల స్లాబు, కింద గ్రానైటు. చీమకుర్తి పక్కనే కాబట్టి మెట్లకూ వంటింటి గట్టుకూ కూడా రాయే. ఒక్క పెట్టెతో కిందా మీదా సరిపోవాలంటే ఎప్పుడోగానీ కుదరదు. రెండో పెట్టె కావాలి. దాన్ని మొదటి దానితో ఎలా కలుపుతారన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది.

మొదటి దారి రేంజ్ ఎక్స్‌టెండర్. ప్లగ్గులో గుచ్చే చిన్న పెట్టె, వెయ్యి, పదిహేను వందలకు వస్తుంది. అక్క అప్పటికే ఒకటి తెప్పించి ఉంది. దాన్ని సిగ్నల్ రాని గదిలో గుచ్చారు. అక్కడ దానికే సిగ్నల్ సరిగ్గా అందనప్పుడు అది పిల్లవాడికి ఏమిస్తుంది? ఫోన్‌లో మాత్రం గీతలు నిండుగా కనిపిస్తాయి, ఎందుకంటే ఫోన్ పక్కన ఉన్నది ఎక్స్‌టెండరే. సగం దూరంలో గుచ్చితే కొంత నయం. అయినా ఒకే బ్యాండ్ మీద వింటూ మళ్లీ అదే చెబుతుంది కాబట్టి వేగం సగానికి పడుతుంది. పెరట్లో కూర్చుని వాట్సాప్ చూసుకోవడానికి ఇది చాలు. క్లాసులకు, ఇంటి నుంచి ఉద్యోగం చేసేవాళ్లకు నేను వద్దనే చెబుతాను.

రెండో దారి మెష్. రెండు మూడు పెట్టెల సెట్టు, అన్నీ కలిపి ఒకే పేరుతో ఒకే వైఫైలా పనిచేస్తాయి. ఫోన్ పట్టుకుని కింద నుంచి పైకి నడిస్తే కాల్ తెగకుండా ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకు మారుతుంది. పెట్టడం సులువు, యాప్‌లో పది నిమిషాల పని. గోడలు కొట్టడానికి, తీగలు కనిపించడానికి ఇష్టపడని ఇంటికీ, అద్దె ఇంటికీ ఇదే మంచిది. కానీ డ్యూయల్ బ్యాండ్ మెష్ కూడా గాలిలోనే ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటుంది. స్లాబు దాటేటప్పుడు అదీ నష్టపోతుంది. రెండో పెట్టెను మెట్ల మలుపులో, కింది పెట్టెకు ఎదురుగా కనిపించేలా పెడితే బాగా పనిచేస్తుంది. మంచి సెట్టు ఆరేడు వేల నుంచి మొదలవుతుంది. ఇందులోనూ పోర్టులు చూసుకోండి. టీపీ-లింక్ డెకో ఇ4కు 100 మెగాబిట్ల పోర్టులు, డెకో ఎం4కు గిగాబిట్. ఒక కంపెనీ మెష్ పెట్టె ఇంకో కంపెనీదానితో మామూలుగా కలవదు కాబట్టి, రేపు మూడో పెట్టె కావాలంటే అదే కంపెనీ దగ్గరకు వెళ్లాల్సి ఉంటుందని గుర్తుంచుకోండి.

మూడో దారి తీగ. కింది పెట్టె లాన్ పోర్టు నుంచి మేడ గదికి ఒక క్యాట్ 6 కేబుల్ లాగి, దాని చివర ఒక మామూలు ఏసీ1200 రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లో, అంటే తీగలో వచ్చిన నెట్‌ను వైఫైగా పంచడం మాత్రమే చేసేలా పెట్టడం. అక్క ఇంట్లో చేసింది ఇదే. ఎలక్ట్రీషియన్ కిటికీ పక్కన బయటి గోడ మీదుగా పీవీసీ గొట్టంలో పాతిక మీటర్ల కేబుల్ తీసుకెళ్లాడు. రౌటర్, కేబుల్, గొట్టం, కూలీ అన్నీ కలిపి అక్క మొదట అనుకున్న ఐదు వేల లోపే అయింది. మేడ గదిలో ఇప్పుడు కింది గదిలో వచ్చినంత వేగం వస్తోంది. రాగి తీగలో వంద మీటర్ల దాకా గిగాబిట్ తగ్గకుండా పోతుంది. స్లాబులు, బీరువాలు, పక్కింటివాళ్ల వైఫై దాన్ని ఏమీ చేయలేవు.

తీగ లాగే వీలుంటే నేను ఎవరికైనా ముందు ఇదే చెబుతాను. మెష్ కొన్నవాళ్లు కూడా పెట్టెల మధ్య తీగ కలిపితే దాని బలం రెట్టింపవుతుంది. కొత్తగా ఇల్లు కడుతుంటే స్లాబు వేయకముందే ప్రతి అంతస్తుకూ ఒక ఖాళీ గొట్టం వేయించి పెట్టుకోండి. కరెంటు తీగల గొట్టంలోనే ఇదీ తోయనివ్వకండి, వేరే గొట్టం కావాలి. కేబుల్ కొనేటప్పుడు పూర్తి రాగి తీగ అని రాసి ఉందో లేదో చూడండి. చవకగా దొరికేది అల్యూమినియం మీద రాగి పూత వేసింది. నాలుగేళ్ల కింద తెలియక అదే కొని మా ఫ్లాటులో వేయించాను. వంచిన చోటల్లా విరిగి రెండేళ్లకే మార్చాల్సి వచ్చింది.

యాక్సెస్ పాయింట్ మోడ్ లేని పాత రౌటర్ ఇంట్లో పడి ఉంటే దాన్నీ వాడుకోవచ్చు. దానిలో డీహెచ్‌సీపీ (ఫోన్లకు ఐపీ అడ్రసులు పంచే పని) ఆపేసి, ఐపీ అడ్రసు మొదటి పెట్టెది కాకుండా వేరేది ఇచ్చి, తీగను బయటి లైను పెట్టే వ్యాన్ పోర్టులో కాకుండా లాన్ పోర్టులో పెట్టండి. వైఫై పేరు, పాస్‌వర్డ్ కిందిదానివే ఇవ్వండి. 2.4లో కింద చానల్ 1 ఉంటే పైన 6 గానీ 11 గానీ పెట్టండి.

చెరువు కట్ట దాకా నెట్

బాబాయి సమస్య వేరు. "ఒరే అబ్బయా, చెరువు కాడ కెమెరా పెట్టించా, ఇంటికాడ నుంచి చూద్దామంటే బొమ్మ రావడంలా" అన్నాడు. ఇంటికీ చెరువు మీద మోటారు షెడ్డుకూ నాలుగు వందల మీటర్ల దూరం. అక్కడ ఏ ఇంటి రౌటరూ పనికిరాదు. రాగి కేబుల్ వంద మీటర్లకే ఆగిపోతుంది.

సిమ్ కార్డు వేసే 4జీ రౌటర్ ఒక మార్గం. సిగ్నల్ నిలకడగా ఉంటే అదే తేలిక. ఒక కెమెరాకు 2 నుంచి 4 మెగాబిట్లు చాలు, కానీ రోజంతా నడిస్తే ఎన్నో జీబీలు తాగేస్తుంది. కదలిక ఉన్నప్పుడే రికార్డు చేసేలా పెట్టుకోవాలి. బాబాయి వాళ్ల దగ్గర సిగ్నల్ రాత్రిపూట పడిపోతోంది, అందుకని వదిలేశాం.

రెండోది ఫైబర్ తీగే మనం లాగి, రెండు చివర్లా మీడియా కన్వర్టర్లు (ఫైబర్ వెలుగును రాగి తీగ సిగ్నల్‌గా మార్చే పెట్టెలు) పెట్టడం. వేగానికి తిరుగులేదు, పిడుగు పడ్డా ఆ తీగలో కరెంటు రాదు. కానీ కట్టలు సరిచేయడానికి ఏటా జేసీబీ వస్తుంది. స్తంభాలు పాతి పైనుంచి లాగితేనే బతుకుతుంది.

చివరికి ఎంచుకున్నది మూడోది: బయట పెట్టే వైర్‌లెస్ బ్రిడ్జి. దీన్ని సీపీఈ అంటారు. ఇంటి మేడ మీద ఒకటి, షెడ్డు మీద ఒకటి, ఒకదానికొకటి ఎదురుగా గురిపెట్టాలి. 5 గిగాహెర్ట్జ్ జత నాలుగు వందల మీటర్లు అవలీలగా దాటుతుంది. షరతు ఒక్కటే, మధ్యలో ఏదీ అడ్డం ఉండకూడదు. సరుగుడు తోట అడ్డమొస్తే పని జరగదు. కంటికి కనపడినంత మాత్రాన కూడా చాలదు. ఆ దూరానికి, రెండు పెట్టెలనూ కలిపే గీతకు మధ్య భాగంలో చుట్టూ రెండు మీటర్లకు పైగా ఖాళీ కావాలి. అందుకని షెడ్డు మీద ఇనుప గొట్టం పాతి పది అడుగులు లేపాం. సముద్రపు గాలికి ఆరు నెలల్లో జాయింట్లు తుప్పు పట్టాయి. మార్చి, వాటి మీద రబ్బరు టేపు చుట్టి, కేబుల్ పెట్టెలోకి వెళ్లే ముందు కిందికి ఒక మెలిక వదిలాం, వాన నీళ్లు లోపలికి జారకుండా. ఇనుప గొట్టానికి ఎర్త్ తప్పనిసరి.

కరెంటు, ఉరుములు

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మాకు ఆ ముందు నుంచే వాన, కరెంటు కోత. పెట్టెకు బ్యాకప్ లేకపోతే ఫోన్ సిగ్నల్ కూడా పలచబడిన వేళ ఇంట్లో నెట్ ఉండదు. ఫైబర్ దారిలో స్ప్లిట్టర్లకు కరెంటు అక్కర్లేదు. ఆపరేటర్ ఆఫీసులో బ్యాటరీ ఉండి, మన పెట్టెకు కరెంటు ఉంటే స్తంభాల మీద తీగ తెగనంతవరకూ నెట్ నడుస్తుంది.

ఇన్వర్టర్ ఉన్నవాళ్లు దాన్ని యూపీఎస్ మోడ్‌లో పెట్టుకోండి. లేకపోతే మారే క్షణంలో పెట్టె ఆగి మళ్లీ మొదలవుతుంది, క్లాసు మధ్యలో రెండు నిమిషాలు పోతాయి. ఇన్వర్టర్ లేకపోతే పదిహేను వందల ప్రాంతంలో మినీ యూపీఎస్ దొరుకుతుంది. ముందు మీ పెట్టె అడాప్టర్ మీద 12 వోల్టులా, 9 వోల్టులా చదవండి. వోల్టు తప్పితే పెట్టె కాలిపోవచ్చు. లోపల 2000 ఎంఏహెచ్ సెల్స్ నాలుగుంటే ఏడు వాట్ల పెట్టె మూడు గంటలకు పైగా నడుస్తుంది. ఓఎన్‌యూ, రౌటర్ రెండూ ఉన్న ఇంటికి రెండు పిన్నులున్న యూపీఎస్ అడగండి.

ఉరుములు దగ్గర పడకముందే పెట్టె ప్లగ్గు పీకేయండి. ఫైబర్ నుంచి పిడుగు రాదు, కరెంటు ప్లగ్గు నుంచి, మేడ మీదికి వెళ్లిన రాగి కేబుల్ నుంచి వస్తుంది. అక్క ఇంట్లో బయటి గోడ మీద వేసిన లాన్ తీగను కూడా అప్పుడే తీసేయమని చెప్పాను.

సామాను బిగించిన రోజే అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చి, డబ్ల్యూపీఎస్ (బటన్ నొక్కో పిన్ కొట్టో కలిపే పద్ధతి) ఆపి, వైఫై భద్రతకు డబ్ల్యూపీఏ2 గానీ డబ్ల్యూపీఏ3 గానీ పెట్టండి. లైనుకు లాగిన్ అవడానికి ఆపరేటర్ ఇచ్చిన పీపీపీఓఈ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, వీల్యాన్ నంబరు ఒక కాగితం మీద రాయించుకుని మీటరు బోర్డు తలుపు లోపలివైపు అంటించండి. పెట్టె ఎప్పుడైనా రీసెట్ అయితే, ఆదివారం పూట ఆపరేటర్ ఫోన్ ఎత్తకపోయినా, ఆ కాగితం చూసి మీరే పెట్టుకోవచ్చు.